జీ6పీడీ లోపం ఉందని రిపోర్టు వస్తే ఏం చేయాలి

ముందు టెన్షన్ పడకండి. జీ6పీడీ అంటే ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్. దాన్ని తయారుచేయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అందుకే లోపం మగపిల్లల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. వాళ్లకి అది తల్లి నుంచి వస్తుంది, అంతమాత్రాన దయచేసి ఆ తల్లిని ఎవరూ ఒక్క మాట కూడా అనొద్దు.

ఈ ఎంజైమ్ గ్లూకోజ్ నుంచి వచ్చిన పదార్థంతో పని మొదలుపెట్టి ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది, కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ అరిగిపోకుండా చూసేది అదే. మిగతా కణాలకు వేరే దారులున్నాయి. ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండదు కాబట్టి దానికి ఇదొక్కటే దిక్కు, ఎంజైమ్ తక్కువైతే కొన్ని మందులు, పదార్థాలు పడితే కణాలు పగిలిపోతాయి.

ఇవాళే బీరువా తెరిచి చీరల మడతల్లో ఉన్న కలరా ఉండలు తీసి పారేయండి, ముఖ్యంగా పసిబిడ్డ బట్టల దగ్గర అస్సలు ఉంచొద్దు. మలేరియాకి ప్రైమాక్విన్ రాస్తుంటే, లేదా కుష్ఠు లాంటి జబ్బులకి డాప్సోన్ రాస్తుంటే, డాక్టరు అడగకపోయినా మీరే ఈ సంగతి చెప్పండి. ఫావా బీన్స్ తినొద్దు, అవి మన చిక్కుడుకాయలు కావు.

మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆ సమయంలో చేసిన జీ6పీడీ టెస్టు నార్మల్ అని చూపించొచ్చు, ఎందుకంటే ఎంజైమ్ తక్కువున్న ముసలి కణాలు అప్పటికే పోయి కొత్తవే మిగులుతాయి, అందుకే మూడు నెలలాగి మళ్లీ చేయించండి.