ఇంట్లో ఒకరు ఉద్యోగం మానేముందు: జూన్ రాకముందే చూసుకోవాల్సినవి

ఏప్రిల్, మే నెలలొస్తే మా నెల్లూరు వేదాయపాళెంలో ఈ మాట తరచుగా వినిపిస్తుంది. "పాపను చూసుకునేవాళ్లు లేరక్కా, జూన్ నుంచి నేను మానేస్తున్నా. ఆయన జీతంతో గడిచిపోద్దిలే." నాలుగేళ్ల కిందట నేనూ ఇదే మాట అనుకుని మానేశాను. బిడ్డ దగ్గర ఉన్నందుకు ఇవాళ్టికీ బాధ లేదు. బాధంతా ఏమీ చూసుకోకుండా మానేసినందుకే.

మొదటి జాగ్రత్త చాలా సులువు, కానీ ఎవరూ చెయ్యరు. రాజీనామా ఇవ్వడానికి మూడు నెలల ముందు నుంచే ఒక్క జీతంతో బతికి చూడండి. మానబోయేవాళ్ల జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మార్చి, దాన్ని ముట్టుకోకండి. ఆ మూడు నెలల్లో ఒక పండగో, ఒక పెళ్లి చదివింపో, స్కూలు ఫీజో తప్పకుండా ఉండేలా చూసుకోండి. ఖర్చు లేని నెలలో సరిపోయిందని సంబరపడితే లాభం లేదు. ఇరవయ్యో తేదీకే పచారీ కొట్లో ఖాతా రాయించాల్సి వస్తోందంటే, మానేశాక ఎలా ఉంటుందో అర్థమైపోతుంది. గడిచిందా, ఆ మూడు జీతాలూ మీకు అండగా మిగులుతాయి.

ఇక లెక్క. నా జీతం 18,000. పీఎఫ్, ఈఎస్ఐ (జీతంలో కొంత కోసుకుని ఇంటిల్లిపాదికీ వైద్యం చేయించే ప్రభుత్వ బీమా), వృత్తి పన్ను పోను చేతికి 15,900 దాకా వచ్చేది. ఆయమ్మకు 6,000, షేర్ ఆటోకు 1,500, వంట చేసే ఓపిక లేక కర్రీ పాయింట్‌కు ఇంకో రెండు వేలు. మిగిలేది 6,400. "ఈ ఆరు వేల కోసం పసిబిడ్డను వదిలిపెట్టాలా?" అని ఇద్దరం అనుకున్నాం. ఆ లెక్కలో పొరపాటు చాలా రోజులకు గానీ తెలియలేదు. నా పీఎఫ్‌లో కంపెనీ వేసే మరో 1,800 అందులో లేదు. ఈఎస్ఐ లేదు. ఆయమ్మ ఖర్చు బిడ్డ బడికి వెళ్లేదాకానే. వదిలేసిన జీతం మాత్రం మళ్లీ అదే మెట్టు మీద దొరకదు. మీరు లెక్క వేసుకునేటప్పుడు ఇవన్నీ రాసుకోండి.

అన్నిటికంటే గట్టి దెబ్బ ఈఎస్ఐతోనే తగిలింది. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకే ఈఎస్ఐ. మా ఆయన జీతం అది దాటింది కాబట్టి ఆయనకు లేదు. అంటే బిడ్డకూ, నా మీద ఆధారపడిన మా అమ్మకూ, ఆయనకూ కూడా వైద్యం నడిచింది నా కార్డు మీదే. జీతం ఆగాక కొన్నాళ్లు సాగి, అది కూడా ఆగిపోయింది. మరుసటి కార్తీకంలో వానలు పట్టుకున్నాయి, పాపకు డెంగీ. పొగతోటలో ఆసుపత్రి బిల్లు కట్టడానికి నా గాజులు బ్యాంకులో పెట్టాం. చేతులు బోసిగా ఉన్నాయని మా అత్తయ్య తన గాజులు రెండు తీసి నాకు తొడిగింది.

అందుకే చెబుతున్నా, ఎవరి ఉద్యోగం మీద ఇంట్లోవాళ్ల వైద్యం నడుస్తోందో ముందు తేల్చుకోండి. ఆఫీసువాళ్లిచ్చిన గ్రూప్ పాలసీ అయినా అంతే, మానేస్తే పోతుంది. సొంత పాలసీ కనీసం రెండు నెలల ముందే తీసుకోండి. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప మామూలు జబ్బులకు డబ్బు రాదు. ముందునుంచే ఉన్న బీపీ, షుగర్ లాంటివాటికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. జబ్బు దాచి పాలసీ తీసుకోకండి, క్లెయిమ్ అప్పుడు అదే అడ్డం తిరుగుతుంది.

సంపాదించే మనిషి మీద టర్మ్ పాలసీ (ఆ మనిషి పోతే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే బీమా) లేకుండా రెండో జీతం ఆపకండి. ఇంత ఖచ్చితంగా ఇంకే విషయంలోనూ చెప్పను. అంత స్తోమత వెంటనే లేకపోతే బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా అయినా ఆ వారమే రాయించండి. నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో కళ్లతో చూడండి.

ఎవరు మానాలి? అమ్మే మానాలని ముందే తీర్మానించుకోకండి. మా బంధువుల్లో ఒకాయనకు ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. ఆయన సంపాదన ఎక్కువ కాబట్టి భార్యను ఉద్యోగం మాన్పించాలని చూశారు. ఆమె ఒప్పుకోలేదు. 2025లో అమెరికా సుంకాలు పెరిగి రొయ్య రేటు పడినప్పుడు ఇల్లు గడిచింది ఆమె జీతంతోనే. ఇప్పుడు పొద్దున బిడ్డకు నీళ్లు పోసి, జడ వేసి, అంగన్‌వాడీలో దింపేది ఆయనే. జడ మొదట్లో వంకరగా వచ్చేది, ఇప్పుడు చక్కగా వేస్తున్నాడు. ఎవరి జీతం ఎక్కువని కాదు, ఎవరి జీతం ఆగకుండా వస్తుందని చూడాలి.

మానకుండా గడిచే దారులు కూడా అడగండి. మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో ప్రసూతి సెలవు చట్టంలో ఉంది. రెండో బిడ్డ ఆలోచన ఉంటే, ఇప్పుడే మానేస్తే అదీ పోతుంది. 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని కూడా అదే చట్టం చెబుతోంది. నోరు తెరిచి అడిగేవాళ్లు తక్కువ.

పాడేసుకున్న చీటీ ఉంటే మిగతా వాయిదాలు ఎవరు కడతారో తేల్చుకోండి. ఇద్దరి జీతాలు చూపించి తీసుకున్న ఇంటి లోను ఉంటే మరీ జాగ్రత్త. గ్రూపు లోను తెచ్చి ఆ ఈఎంఐ కట్టాలన్న ఆలోచన మాత్రం వద్దు.

ఇంట్లో ఉండేవాళ్ల పేరు మీద నెలనెలా కొంత డబ్బు పడాలి. ఐదు వందలైనా సరే, వాళ్ల సొంత ఖాతాలో. నాకు ఉద్యోగం రావాలని మా అమ్మ రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువులో నిలబడి ఉద్యోగం రొట్టె పట్టుకుంది. వచ్చాక మరుసటేడు వెళ్లి వదిలింది. అలాంటి ఉద్యోగం మానేశాక, పూలకు ఇరవై రూపాయలు అడగాల్సి వచ్చిన రోజు నేను మా ఆయనతో నేరుగా మాట్లాడాను. "నువ్వు అడిగేదాకా నాకు తట్టలేదే" అన్నాడు. మీరు అంతదాకా ఆగకండి, మానేముందే మాట్లాడుకోండి.

చివరగా తేదీ, కాగితాలు. ఐదేళ్ల సర్వీసుకు కొన్ని నెలలే తక్కువుంటే ఆగండి, పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు కంపెనీ ఒకేసారి ఇచ్చే డబ్బు) వస్తుంది. పీఎఫ్ డబ్బు తీసెయ్యకండి. ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, పదేళ్ల సర్వీసుంటే పెన్షన్‌కు అర్హత వస్తుంది. రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు చేతిలో పడ్డాకే బయటికి రండి. పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీ ఎక్కిందో లేదో ఆ తర్వాత నెలలో చూడండి. నాది ఎక్కలేదు. దానికోసం పాత ఆఫీసు చుట్టూ పాపను చంకనేసుకుని ఐదుసార్లు తిరిగాను.