కంపెనీ చేతులు మారింది: ఉండాలా, వెళ్లాలా? ఎలా తేల్చుకోవాలి?

ఆ మెయిల్ దాదాపు అన్ని కంపెనీల్లోనూ ఒకేలా ఉంటుంది. ఇది మనందరికీ గొప్ప అవకాశం, రోజువారీ పనిలో ఏ మార్పూ ఉండదు, మీ సహకారానికి ధన్యవాదాలు. మధ్యాహ్నం ఉద్యోగులందరితో టౌన్‌హాల్ సమావేశం జరుగుతుంది. సాయంత్రానికి మేనేజర్లు లేని వాట్సాప్ గ్రూపు ఒకటి పుడుతుంది. రాత్రికి మాదాపూర్ నుంచి కోకాపేట దాకా సగం మంది పాత రెజ్యూమె బయటికి తీస్తారు.

హైదరాబాదుకు ఇది కొత్త అనుభవం కాదు. 2009లో సత్యం టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. అదే ఏడాది టీకాల సంస్థ శాంతా బయోటెక్నిక్స్‌ను సనోఫీ తీసుకుంది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంకులో కలిసింది. బ్యాంకు గుమాస్తాకూ, టీకాల శాస్త్రవేత్తకూ, సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకూ ఒకే సలహా పనికిరాదు. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అన్న క్రమం మాత్రం అందరికీ ఒకటే.

1. ఒప్పందం ఏ రకమో తెలుసుకోండి

కంపెనీని కొన్నారు అంటే మూడింటిలో ఒకటి జరిగి ఉంటుంది.

వాటాలు కొన్నారంటే యజమాని మారాడు తప్ప కంపెనీ మారలేదు. మీ నియామక పత్రం, సర్వీసు, పీఎఫ్ ఖాతా అన్నీ ఉన్నచోటే ఉంటాయి. కొత్తగా దేనిమీదా సంతకం చేయవలసిన పని ఉండదు. ఎవరైనా కొత్త ఆఫర్ లెటర్ ఇచ్చి సంతకం చేయమంటే, ఎందుకని అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

విలీనం అయితే ఆ పథకానికి సాధారణంగా జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదం కావాలి. తెలంగాణలో రిజిస్టరైన కంపెనీకి అది హైదరాబాద్ బెంచ్. ఆ పథకం పత్రంలో ఉద్యోగుల గురించి సాధారణంగా ఒక పేరా ఉంటుంది: సర్వీసు తెగకుండా, ఇప్పటికన్నా తక్కువ కాని షరతులతో కొనసాగుతారు అని. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ అయితే ఈ పత్రం దాని వెబ్‌సైటులోనే దొరుకుతుంది. ఆ ఒక్క పేరా చదవండి చాలు, టౌన్‌హాల్‌లో గంటసేపు వినడం కన్నా నయం.

మూడోది జాగ్రత్తపడవలసినది. కంపెనీని కాకుండా, అందులోని ఒక వ్యాపార విభాగాన్ని మాత్రమే విడదీసి అమ్ముతారు. అప్పుడు మీరు పాత కంపెనీలో రాజీనామా చేసి కొత్త కంపెనీలో చేరినట్టో, మూడు పక్షాల ఒప్పందం కింద బదిలీ అయినట్టో కాగితాలు తయారవుతాయి. అందులో 'సర్వీసు కొనసాగింపు' అన్న మాట, మీ అసలు చేరిక తేదీ ఉన్నాయా లేవా అన్నదే ప్రశ్న. లేకపోతే గ్రాట్యుటీ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు కావచ్చు. ఇలాంటి బదిలీలో ఉద్యోగి సమ్మతి లేకుండా కార్మికులను మరో యజమాని కింద పనిచేయమని బలవంతపెట్టలేరని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. సర్వీసు తెగకూడదు, షరతులు తగ్గకూడదు, రేపు తీసేస్తే పాత సర్వీసు కూడా కలిపి పరిహారం ఇచ్చే బాధ్యత కొత్త యజమానిది: ఈ మూడూ ఉంటే సరే, లేకపోతే పాత యజమాని పరిహారం చెల్లించాలి. పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ నియమాన్ని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా కొనసాగించింది. అయితే ఇది చట్టం దృష్టిలో 'కార్మికుడు' అయినవారికే. మేనేజర్ స్థాయివారు తమ నియామక పత్రం మీదే ఆధారపడాలి.

ప్రకటన వేరు, ఒప్పందం పూర్తికావడం వేరు. చిప్‌ల సంస్థ జిలింక్స్‌ను కొంటున్నట్టు మరో చిప్‌ల సంస్థ ఏఎండీ 2020 అక్టోబరులో ప్రకటించింది, కొనుగోలు పూర్తయింది 2022 ఫిబ్రవరిలో. వివిధ దేశాల అనుమతులు వచ్చేదాకా రెండు కంపెనీలూ విడివిడిగానే నడవాలి. ఆ మధ్యకాలంలో మీ మేనేజరు 'నాకూ తెలియదండీ' అంటే, చాలావరకు అది నిజమే. ఆయన మీద విసుక్కుని లాభం లేదు.

2. వాళ్లు దేనికి డబ్బు పెట్టారో చూడండి

నా దృష్టిలో మొత్తం నిర్ణయంలో సగం ఇక్కడే తేలిపోతుంది. జూబ్లీహిల్స్‌లో పాత ఇల్లు కొనేవారిలో కొందరు ఆ ఇల్లు నచ్చి కొంటారు, కొందరు స్థలం కోసం కొని మర్నాడే పడగొడతారు. కంపెనీని కొన్నవారు ఈ రెండింటిలో ఏ రకమో మీరు కనిపెట్టాలి.

అందుకు గూఢచర్యం అక్కర్లేదు. కొన్న కంపెనీ తన వాటాదారులకు ఏం చెప్పిందో చదవండి. ఉద్యోగులకు పంపిన మెయిల్‌లో తీపి మాటలుంటాయి, వాటాదారుల ముందు పెట్టిన పత్రంలో అంకెలుంటాయి. 'ఇన్ని కోట్ల ఖర్చు ఆదా' అని రాశారంటే, ఆ ఆదా కరెంటు బిల్లులో రాదు. 'ఈ ఉత్పత్తితో కొత్త మార్కెట్లోకి ప్రవేశిస్తున్నాం' అన్నారంటే ఆ ఉత్పత్తిని తయారుచేసేవారు కొంతకాలం భద్రం. ఖాతాదారుల కోసం కొన్నారంటే, ఆ ఖాతాదారులతో రోజూ మాట్లాడేవారికి విలువ. ఫార్మా రంగంలో తరచుగా కొనేది అనుమతులున్న ప్లాంటును. ఆ అనుమతులు నిలవాలంటే నాణ్యతా విభాగం నిలవాలి.

తర్వాత మీ కుర్చీ వైపు చూడండి. కొన్న కంపెనీలో మీ పని చేసే బృందం ఇప్పటికే ఉందా? అకౌంట్లు, హెచ్‌ఆర్, నియామకాలు, ఆఫీసు నిర్వహణ, న్యాయ విభాగం, అంతర్గత ఐటీ: వీటిలో ప్రతి కుర్చీకీ ఇద్దరు తయారవుతారు. ఒకరే మిగులుతారు, ఆ ఒకరు సాధారణంగా కొన్నవారి మనిషే. ఎంత బాగా పనిచేస్తారన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఇంజినీర్ల విషయంలో ఇదే కథ సాఫ్ట్‌వేర్ రూపంలో నడుస్తుంది. ఒకే పనికి ఇద్దరి దగ్గరా చెరో ఉత్పత్తి ఉంటే, ఏది బతుకుతుందో చూడండి.

కొన్ని గుర్తులు పేపరులో రావు. మీ పైవాడు, ఆయన పైవాడు ఉంటున్నారా? కొత్త కంపెనీతో జరిగే ప్రణాళికా సమావేశాలకు మీ బృందంలోంచి ఎవరినైనా పిలుస్తున్నారా? మరో నగరంలోని బృందానికి మీ పనంతా రాసి అప్పగించమని, అదీ ఒక గడువు పెట్టి అడుగుతున్నారా? మూడోది జరుగుతుంటే మిగతా రెండు ప్రశ్నలతో పనిలేదు.

సత్యం ఉదంతంలో ఒక పాఠం ఉంది. కొత్త యాజమాన్యం వచ్చిన కొద్ది నెలల్లోనే, 2009లో, పని లేని వేలమందిని 'వర్చువల్ పూల్' అనే ఏర్పాటులోకి పంపి తగ్గించిన జీతంతో ఇళ్లలో కూర్చోబెట్టారు. అదే సమయంలో ఖాతాదారుల ప్రాజెక్టుల్లో ఉన్నవారి పని ఆగలేదు. కంపెనీ ఒకటే, ఎవరు ఏ బల్ల దగ్గర ఉన్నారన్నదాన్ని బట్టి రెండు రకాల కథలు.

3. ఆఫీసు ఎక్కడికి పోతుంది?

రెండు కంపెనీలకూ హైదరాబాదులో ఆఫీసులుంటే ఒకటి మూసేస్తారు. పోచారం పక్కన ఇల్లు కొనుక్కున్నవారికి నానక్‌రామ్‌గూడలో సీటిస్తే, జీతం తగ్గకపోయినా రోజులో మూడు గంటలు తగ్గుతాయి. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉంది గాని అటు చివరా ఇటు చివరా మిగిలిన దూరం మీదే. బెంగళూరుకో పుణెకో మారమంటే అది మరో నిర్ణయం. ఇంట్లోవాళ్లతో కలిసి తీసుకోవలసినది.

4. వెళ్తే పోయేదెంత, ఉంటే వచ్చేదెంత

ఒక ఆదివారం కూర్చుని అంకెలు రాయండి. భయం, అభిమానం రెండూ అంకెల ముందు కొంత సర్దుకుంటాయి.

గ్రాట్యుటీకి శాశ్వత ఉద్యోగికి అయిదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. లెక్క: చివరి నెల వేతనం × 15 ÷ 26 × సంవత్సరాలు. వేతనం 60,000 అయితే అయిదేళ్లకు సుమారు 1,73,000 రూపాయలు. కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే ఆ అదనపు భాగాన్ని వేతనంలో కలపాలి కాబట్టి, బేసిక్ బాగా తక్కువగా ఉన్నవారికి ఈ మొత్తం పెరగవచ్చు. నాలుగేళ్ల పది నెలలు పూర్తయినవారు రెండు నెలలు ఓపిక పట్టడం తెలివైన పని. మూడేళ్లే అయినవారు గ్రాట్యుటీ కోసం ఆగడంలో అర్థం లేదు.

స్టాక్ ఆప్షన్లు (ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ వాటాలు కొనే హక్కు) ఉంటే, వాటిని ఇచ్చినప్పటి గ్రాంట్ లెటర్ తీసి 'నియంత్రణ మారితే' అన్న క్లాజు వెతకండి. ఇంకా చేతికి రాని ఆప్షన్లు మూడు దారుల్లో ఏదో ఒకటి పడతాయి: వెంటనే మీవి అవుతాయి, కొత్త కంపెనీ ఆప్షన్లుగా మారతాయి, లేదా రద్దవుతాయి. కొన్ని పథకాల్లో కంపెనీ అమ్ముడవడంతో పాటు మిమ్మల్ని తీసేస్తేనే అవి మీ చేతికొస్తాయి. అంటే మీరే రాజీనామా చేస్తే ఏమీ రాదు. ఇంకో చిక్కు: ఆప్షన్లను వాటాలుగా మార్చుకున్న రోజునే, ఆనాటి విలువకూ మీరు కట్టిన ధరకూ మధ్య తేడా జీతం కింద పన్నుకు వస్తుంది, వాటాలు ఇంకా అమ్మకపోయినా సరే.

ఇక ఉండిపోయేందుకు ఇచ్చే బోనస్, అదే రిటెన్షన్ బోనస్. ఇది వచ్చినవారు గర్వపడేముందు లేఖ రెండోసారి చదవాలి. ఆరు లక్షలు ఇచ్చారనుకోండి. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను పోయి చేతికి 4,12,800 వస్తుంది. గడువుకు ముందే మానేస్తే తిరిగి కట్టవలసింది ఎంత, ఆరు లక్షలా, చేతికొచ్చినదా? చాలా లేఖల్లో ఆరు లక్షలే అని ఉంటుంది. కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే కూడా తిరిగి కట్టాలా అన్నది రెండో ప్రశ్న. ఈ రెండింటికీ రాతపూర్వక సమాధానం లేకుండా ఆ డబ్బును ఖర్చుపెట్టకండి.

తల్లిదండ్రులు కంపెనీ ఆరోగ్య బీమాలో ఉన్నవారు ఇంకో గడి గీసుకోవాలి. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ ఇచ్చే వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది, నిరీక్షణ కాలం కూడా కలిసొస్తుంది. అయితే ఉద్యోగం మానాక కాదు, మానకముందే అడగాలి. షుగరు, బీపీ ఉన్న డెబ్బై ఏళ్ల నాన్నగారికి కొత్తగా పాలసీ తీసుకోవడం ఎంత కష్టమో తిరిగినవారికే తెలుసు.

5. కాగితాలు ఈ వారమే దించుకోండి

ఉండాలని నిర్ణయించుకున్నవారు కూడా చేయవలసిన పని ఇది. పాత హెచ్‌ఆర్ పోర్టల్ ఏదో ఒక శుక్రవారం మూతపడుతుంది. నియామక పత్రం, జీతం పెంపు లేఖలు, అన్ని పేస్లిప్పులు, ఫారం 16లు, అప్రైజల్ లేఖలు, స్టాక్ పత్రాలు మీ సొంత మెయిల్‌లో ఉండాలి. మీవి మాత్రమే, కంపెనీ సాఫ్ట్‌వేర్ కోడ్, ఖాతాదారుల వివరాలు ముట్టుకోకండి. మూడేళ్ల తర్వాత ఎవరో మీ పూర్వ అనుభవాన్ని తనిఖీ చేయబోతే, పాత కంపెనీ పేరు బోర్డు మీద కూడా ఉండకపోవచ్చు.

మీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఉమ్మడి సంఖ్య అయిన యూఏఎన్‌లో కూడా ఒకసారి చూసుకోండి. సంస్థ కోడ్ మారితే కొత్త సభ్యత్వ సంఖ్య వస్తుంది. పాతదాంట్లో నిష్క్రమణ తేదీ, కొత్తదాంట్లో చేరిక తేదీ ఒకదానిమీద ఒకటి పడకూడదు. పాత నిల్వను బదిలీ చేయించుకోండి, తీసేసుకోకండి: అయిదేళ్లు నిండకముందే తీస్తే పన్ను పడుతుంది. పింఛనుకు కావలసిన పదేళ్ల లెక్కకూ ఆ సర్వీసు పనికొస్తుంది.

6. అడగండి, రాతలో తీసుకోండి

మేనేజరుతో మాట్లాడేటప్పుడు 'సార్, నా ఉద్యోగం ఉంటుందా?' అని అడిగితే 'కంగారు పడకండి' అన్న సమాధానమే వస్తుంది. దానికి బదులు చిన్న ప్రశ్నలు వేయండి. వచ్చే రెండు త్రైమాసికాలకు మన బృందం బడ్జెట్ ఆమోదమైందా? నా గ్రేడు కొత్త కంపెనీలో దేనికి సమానం? ఈ ఏడాది వేరియబుల్ పే ఎవరు లెక్కిస్తారు, ఏ లక్ష్యాల మీద? నోటీసు పీరియడ్ మారుతుందా? మాట్లాడాక అదే రోజు, 'ఈరోజు మీరు చెప్పినట్టు...' అంటూ మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. ఆయన కాదనకపోతే అది రికార్డు.

కొత్త ఒప్పందంలో 'మానేశాక ఏడాదిపాటు పోటీ కంపెనీలో చేరరాదు' అని ఉంటే హడలిపోకండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం వదిలాక అలాంటి ఆంక్ష సాధారణంగా చెల్లదు. రహస్యాలు కాపాడే షరతు మాత్రం చెల్లుతుంది. కనీస కాలం పనిచేస్తానన్న బాండును ఆషామాషీగా తీసుకోకండి. అలాంటి బాండును సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది.

7. బయట మీ ధర కనుక్కోండి

ఉండాలనుకున్నా రెండు ఇంటర్వ్యూలకు వెళ్లండి. హైదరాబాదులో ఉన్న సౌకర్యం ఏమిటంటే, ఇల్లు మారకుండానే ఉద్యోగం మారే వీలుంది. ఒకే కారిడార్‌లో వందల కంపెనీలు. ఇబ్బంది కూడా అదే. మీలాంటి రెజ్యూమెలే ఒకే నెలలో ఒకే దారిలో బయలుదేరతాయి. లేఆఫ్ ప్రకటన వచ్చాక బయటికెళ్లే గుంపులో కన్నా, దానికి రెండు నెలల ముందు ఒంటరిగా వెళ్లడం మేలు. ఆ అవకాశం తప్పిపోతే గుంపు సద్దుమణిగేదాకా ఆగడం నయం.

8. ఒక తేదీ పెట్టుకోండి

ఒప్పందం పూర్తయిన రోజు నుంచి ఆరు నెలలు చాలు. ఏం జరిగితే ఉంటారో, ఏం జరిగితే వెళ్తారో ఈరోజే రాసిపెట్టుకోండి: గ్రేడు తగ్గితే, ఉత్పత్తి ఆగిపోతే, ఆఫీసు మారితే. రాసిపెట్టుకోకపోతే మనసు ప్రతి నెలా షరతును కొంచెం జరుపుతూ పోతుంది. హోమ్ లోన్ ఉన్నవారు ఆరు నెలల వాయిదాల మొత్తం పక్కన ఉండేలా ఈలోగా చూసుకోవాలి.

9. వెళ్లడమే నిశ్చయమైతే

తీసేయదలచుకున్న కంపెనీ చాలాసార్లు రాజీనామా చేయమనే అడుగుతుంది, అదీ చిన్న గదిలో, ఇప్పుడే. సంతకం పెట్టకండి, ఒకరోజు గడువు అడగండి. రాజీనామా చేస్తే పరిహారం, ఆప్షన్లు, బోనస్ మూడింటి లెక్కా మారిపోతుంది. పరిహారం, నోటీసు కాలపు జీతం, బీమా ఎప్పటిదాకా, రిలీవింగ్ లెటర్‌లో ఏమని రాస్తారు అన్నవి ముందు తేలాలి. 'ఇక నాకు ఏ బకాయీ లేదు' అన్న పత్రం మీద డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం చేయండి. వేతన కోడ్ ప్రకారం మిగిలిన జీతం రెండు పనిదినాల్లో, సామాజిక భద్రతా కోడ్ ప్రకారం గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి. గడువు దాటిన గ్రాట్యుటీకి వడ్డీ కూడా అడగవచ్చు.