నిర్గమకాండము 32–34 అధ్యాయాల నుండి దేవుని నమ్మకత్వంపై బైబిలు పాఠం ఎలా సిద్ధం చేయాలి?

మనుష్యులు తప్పిపోయినా దేవుడు మాట తప్పడన్న అంశంపై పాఠం చెప్పమంటే, చాలామంది పాత నిబంధనంతా గాలించి ఇరవై వచనాలు ఏరుకొచ్చి దండ గుచ్చుతారు. వినేవారు తలలూపుతారు, గుమ్మం దాటేలోగా మరచిపోతారు. ఇరవై వచనాలు అక్కర్లేదు, సీనాయి కొండ దగ్గర జరిగిన బంగారు దూడ సంఘటన ఒక్కటి చాలు.

కావలసినవి అచ్చులో ఉన్న పరిశుద్ధ గ్రంథం, గీతల నోటుపుస్తకం, పెన్సిలు. ఫోనులో చదివితే మూడు అధ్యాయాలు ఒక్కసారిగా కంటికి ఆనవు కాబట్టి ఫోను పనికిరాదు. పెన్నూ వద్దు, ఎందుకంటే మొదటిసారి గీసిన గీతల్లో సగం చెరిపివేయవలసి వస్తుంది. తెల్లవారుజామున కూర్చోవాలి.

మొదట 24వ అధ్యాయంలో 3, 7 వచనాలు చూడండి. యెహోవా చెప్పినవన్నీ చేస్తామని ప్రజలు రెండుసార్లు ఒప్పుకున్నారు. ఆ తరువాత మోషే నలువది పగళ్లు, నలువది రాత్రులు కొండమీద ఉండేసరికే, వాళ్లు పూజించడానికి బంగారు దూడ తయారైంది. ఇది తెలిశాక మూడు అధ్యాయాలను ఆపకుండా, పైకి వినపడేలా చదవండి.

రెండవసారి చదివేటప్పుడు ‘నీ ప్రజలు’ అన్న మాట కింద గీత గీయండి. 32:7లో దేవుడు మోషేతో, నీవు ఐగుప్తు నుండి రప్పించిన నీ ప్రజలు చెడిపోయారంటాడు. 11వ వచనంలో మోషే అదే మాటను తిప్పి, నీవు రప్పించిన నీ ప్రజలే కదా అంటాడు. అతడు వాళ్ల తరఫున ఒక్క సాకూ చెప్పడు. అబ్రాహాము, ఇస్సాకు, ఇశ్రాయేలులకు దేవుడు తనమీదే ఒట్టుపెట్టుకొని చేసిన ప్రమాణాన్ని 13వ వచనంలో జ్ఞాపకం చేస్తాడు. సాకు చెప్పేది దూడను చేసిన మోషే అన్న అహరోను: బంగారాన్ని అగ్నిలో వేస్తే ఈ దూడ వచ్చిందట! ఈ మాటకు అందరూ నవ్వుతారు, బోధకుడు ఆ నవ్వుకు మురిసి అక్కడే అరగంట గడిపేస్తాడు. మీరు రెండు నిమిషాల్లో దాటిపోండి. అయితే ఆ దినమున మూడువేల మంది కూలారన్న 28వ వచనాన్ని మాత్రం దాటవేయకండి.

ఇక అసలు చిక్కు, తాను ఎటువంటివాడో దేవుడే మోషేకు ప్రకటించే 34:6, 7 దగ్గర ఉంది. నేను విన్న పాఠాల్లో ఎక్కువ భాగం ఇక్కడే చెడిపోయాయి. ‘విస్తారమైన కృపాసత్యములుగల దేవుడు’ అన్నంతవరకు ఉత్సాహంగా చదివి, 7వ వచనం మధ్యలో ‘దోషమును అపరాధమును పాపమును క్షమించును’ అన్నచోట ఆపేస్తారు. వాక్యం అక్కడ ఆగదు. దోషులను నిర్దోషులుగా ఎంచడనీ, తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాల వరకు రప్పిస్తాడనీ అదే ఊపిరిలో చెబుతుంది. సగం వచనంతో చెప్పిన నమ్మకత్వం చివరికి చూసీచూడనట్టు వదిలేయడంగా మిగులుతుంది. మూడువేల మంది కూలిన కథకు అది అతకదు.

అలాగని రెండవ సగాన్ని పట్టుకొని బెదిరించడమూ తప్పే. ముందుగా 20:5, 6 తీసి పక్కన పెట్టుకోండి. పది ఆజ్ఞల్లో విగ్రహాలను పూజించవద్దన్న ఆజ్ఞ దగ్గర శిక్ష ముందు, కరుణ తరువాత వస్తాయి. జనం ఆ ఆజ్ఞను మీరిన తరువాత పలికిన 34వ అధ్యాయంలోనేమో కృప ముందుకు వచ్చింది. ఇంకొక సంగతి మన తెలుగు అనువాదంలో కంటికి కనబడదు. 20:6లో ‘వెయ్యితరములవరకు’ అని, 34:7లో ‘వేయి వేలమందికి’ అని ఉన్నా, హెబ్రీలో రెండుచోట్లా ఉన్నది ఒకే మాట. కాబట్టి ఇక్కడ తూచవలసింది మూడు నాలుగు తరాలను వెయ్యి తరాలతో. పిల్లలకు అన్యాయం కాదా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అందుకు ద్వితీయోపదేశకాండము 24:16, యెహెజ్కేలు 18:20 సిద్ధంగా ఉంచుకోండి, అప్పటికప్పుడు కల్పించి జవాబు చెప్పకండి.

‘కృప’ అన్న మాట దగ్గరా తొందరపడవద్దు. ఇక్కడి హెబ్రీ మాట ‘హెసెద్’. అది ఒక బంధానికి కట్టుబడి చూపే మేలు, తన స్నేహితుడు యోనాతానును బట్టి అతని కుంటి కొడుకు మెఫీబోషెతుకు దావీదు చూపినటువంటిది. ‘సత్యము’ అన్నచోట ఉన్న ‘ఎమెత్’కు నిలకడ అన్న అర్థం కూడా ఉంది. ‘ఆమేన్’ ఆ ధాతువు నుండి వచ్చినదే. అమాలేకీయులతో యుద్ధంలో సూర్యుడు అస్తమించేదాకా మోషే చేతులు నిలకడగా ఉన్నాయని 17:12 చెప్పినప్పుడు వాడిన మాటా అదే కుటుంబానిది.

ఈ వచనాలను తరువాతివారు ఎలా వాడుకున్నారో చూపితే పాఠం బలపడుతుంది. నేను మూడింటినే ఎంచుతాను, మీరూ అంతకు మించకండి. వాగ్దాన దేశంలో ప్రవేశించడానికి ప్రజలు నిరాకరించినప్పుడు, సంఖ్యాకాండము 14:18లో మోషే రెండు సగాలనూ ఎత్తి ప్రార్థిస్తాడు. దేవుడు క్షమిస్తాడు, కానీ యెహోషువ, కాలేబు తప్ప ఆ తరంలోని పెద్దలెవరూ వాగ్దాన దేశంలో అడుగుపెట్టరు. యోనా 4:2లో ప్రవక్త శిక్ష భాగాన్ని వదిలేసి, శత్రువులైన అష్షూరీయుల పట్టణం నీనెవె బతికిపోయినందుకు ఇవే మాటలతో దేవునిపై కోపపడతాడు. నహూము 1:3 అదే నీనెవె విషయంలో వదిలేసిన భాగాన్ని మళ్లీ వినిపిస్తుంది.

చివరి మెట్టు సులువు. 33:3లోనూ 34:9లోనూ ‘లోబడనొల్లని ప్రజలు’ అన్న మాట కింద గీత గీయండి. మొదటిచోట దేవుడు తాను వారితో రాకపోవడానికి దాన్ని కారణంగా చెప్పాడు. రెండవచోట మోషే, మా మధ్యను ఉండి మాతో రమ్మని వేడుకుంటూ అదే మాట ఎత్తాడు. హెబ్రీలో అక్కడున్న ‘కీ’ అన్న చిన్న మాటను ‘గనుక’ అని చదవవచ్చు, ‘అయినప్పటికీ’ అనీ చదవవచ్చు. కూడికలో ఆ రెండు వచనాలనూ ఇద్దరిచేత చదివించి, మోషే ఏ అర్థంతో అన్నాడో అడగండి. జవాబు మీరు చెప్పకుండా కనీసం ఐదు నిమిషాలు కూర్చోండి.