కొమ్మల చమురు బావులు - 4వ పాఠం: పొడవు పెంచితే చమురు పెరుగుతుందా?

అడ్డంగా తవ్విన బావి ఎంత చమురు ఇస్తుందో లెక్కకట్టడానికి జోషి అనే ఇంజనీరు 1988లో ఇచ్చిన సూత్రం పోయిన పాఠంలో రాసుకున్నాం. ఇవాళ అందులో అంకెలు వేద్దాం. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి.

మా కనిగిరి, పొదిలి వైపు రైతుకి ఈ పాఠం సగం చెప్పక్కర్లేదు. బావిలో ఊట తగ్గితే పక్కలకి అడ్డబోర్లు వేయిస్తాడు. మల్టీలేటరల్ చమురు బావిలోనూ ఒక తల్లి బోరు, దాన్నుంచి చమురు పొరలోకి కొమ్మలు.

పొర మందం 20 మీటర్లు, బోరు వ్యాసార్థం 0.1 మీటరు, చమురు లాగే మేర 500 మీటర్లు అనుకుందాం. సూత్రంలో హారం ఎంత చిన్నదైతే ఉత్పాదకత అంత ఎక్కువ. నిలువు బావికి సూత్రం హారం 500/0.1కి సహజ లాగ్, అంటే 8.52. 300 మీటర్ల అడ్డ కొమ్మకి హారం 2.20. ఉత్పాదకత దాదాపు 3.9 రెట్లయింది. మరి 600 మీటర్లకి? హారం 1.36. పొడవు రెండింతలైనా ఉత్పాదకత 1.6 రెట్లే పెరిగింది. అదీ పొరలో నిలువుగా, అడ్డంగా చమురు ఒకేలా పారుతుందనుకుంటే. మామూలుగా నిలువు పారుదల తక్కువే ఉంటుంది.

ఈ సూత్రంలో గొట్టం రాపిడి లేదు. అసలు తిరకాసు అక్కడుంది. కొమ్మ తల్లి బోరును కలిసే చోటు హీల్, చివర టో. పొరలో ఒత్తిడికి, బోరులో ఒత్తిడికి ఉన్న తేడాని డ్రాడౌన్ అంటారు, దాన్ని బార్లలో కొలుస్తారు. హీల్ దగ్గర డ్రాడౌన్ 5 బార్లుండి, దారిలో 2 బార్లు రాపిడికి పోతే, టోకి మిగిలేది 3. అక్కడ మీటరుకి వచ్చే చమురు హీల్ దగ్గర వచ్చేదాంట్లో 60 శాతమే. అదే బిగువైన పొరలో డ్రాడౌన్ 50 బార్లుంటే ఆ 2 లెక్కలోకే రావు. అందుకే ఎంత పొడవు మంచిదని ఎవరైనా అడిగితే, డ్రాడౌన్ ఎంతని ఎదురడగండి.

600 మీటర్ల ఒక్క కొమ్మ బదులు, చెరో దిక్కుకి 300 మీటర్లవి రెండు వేస్తే? పొర వైపు లెక్క మారదు. ఒక్కో కొమ్మలో ప్రవాహం సగం, దూరం సగం. ప్రవాహం సుడులు తిరిగేటప్పుడు రాపిడి దాదాపు ప్రవాహం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, నష్టం సుమారు ఎనిమిదో వంతుకి దిగుతుంది. రెండూ ఒకే వైపు దగ్గరదగ్గరగా వేస్తే మాత్రం ఒకదాని చమురు ఇంకొకటి లాక్కుంటుంది.

1953లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని బష్కీరియాలో గ్రిగోర్యాన్ అనే ఇంజనీరు 9 కొమ్మలతో బావి తవ్వించాడు. మామూలు బావితో పోలిస్తే ఖర్చు ఒకటిన్నర రెట్లు, దిగుబడి 17 రెట్లు. ఆ 17 చూసి ఆశపడకండి, పొర కలిసొచ్చింది.

అభ్యాసం: పోయిన పాఠంలోని సూత్రంలో పై అంకెలే వేసి 450 మీటర్లకి హారం కట్టండి. 1.70 రావాలి. 1.73 వస్తే చివరి లాగ్‌లో, అంటే పొర మందాన్ని భాగించే చోట, బోరు వ్యాసం బదులు వ్యాసార్థం వేశారన్నమాట.