సముద్రానికి వెళ్తే టవలే సంచి

కార్తీక పౌర్ణమికి సూర్యలంకకో, మంగినపూడికో సముద్ర స్నానానికి వెళ్తే ఆడవాళ్లకు పెద్ద టెన్షన్ తడిబట్టలు మార్చుకోవడమే. ఆ రద్దీలో మరుగు ఎక్కడ దొరుకుతుంది? దీనికి ఇంట్లోనే ఒక టవల్ కుట్టుకోవచ్చు.

30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవున్న పల్చటి నూలు టవల్ తీసుకోండి. కాస్త లావుగా ఉన్నవారికి 70 అంగుళాలైతే మేలు. బొచ్చు టవల్ వద్దు, ఇసుకంతా పట్టేస్తుంది, త్వరగా ఆరదు. పొడవాటి అంచుల్లో ఒకదానికి రెండు చివర్లా నాడాలు కుట్టండి. చంకల కింద నుంచి చుట్టుకుని నాడా ముడేస్తే లోపల నిశ్చింతగా బట్టలు మార్చుకోవచ్చు.

ఇక సంచి. టవల్‌ని పొడవు సగమయ్యేలా మడిచి, రెండు పక్కల అంచులు కలిసే చోట జానెడుకొకటి చొప్పున టిచ్ బటన్లు పెట్టండి. ప్లాస్టిక్‌వే కొనండి, ఇనుపవి ఉప్పునీటికి తుప్పుపట్టి గుడ్డ మీద మరకలు వేస్తాయి. పైన మిగిలిన రెండు పొట్టి అంచులకు నవారు పట్టీలు గట్టిగా, రెండు వరసలు కుట్టాలి. బరువంతా పడేది అక్కడే.

ఇసుక తడిగా ఉన్నప్పుడు దులిపితే రాలదు, కాసేపు ఎండలో ఆరనిచ్చి దులపండి. తడిబట్టలు ముందు కవర్లో పెట్టి తర్వాత సంచిలో వేయండి. ఇది చుట్టుకుని మాత్రం నీళ్లలోకి దిగకండి, అలల్లో కాళ్లకు చుట్టుకుంటుంది.