డోసు అంకె తేడాగా కనిపిస్తే: గ్రే, సీవర్ట్, రాంట్‌జెన్ చిక్కులు

రేడియేషన్ డోసు గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు యంత్రం తప్పు ఉండదు. అంకె సరిగ్గానే ఉంటుంది. దాని పక్కనున్న యూనిట్‌ను చదవకపోవడమో, ఒక యూనిట్‌ను ఇంకో యూనిట్‌తో పోల్చడమో జరుగుతుంది. గ్రే అంటే ఎంత శక్తి పడిందో, సీవర్ట్ అంటే దాని వల్ల ముప్పు ఎంతో, రాంట్‌జెన్ అంటే గాలిలో ఎక్స్‌రే, గామా కిరణాలు ఎంతున్నాయో చెప్పే యూనిట్లు. తరచూ ఎదురయ్యేవి ఇవీ.

1. సీటీ రిపోర్టులో వందల్లో అంకె

లక్షణం: ఛాతీకి సీటీ తీయించుకున్న రోగి చివరి పేజీలో 400 అనే అంకె చూశాడు. సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ పరిమితి అని ఎక్కడో చదివాడు. నాలుగు వందల రెట్లు ఎక్కువ పడిందని కంగారు.

కారణం: ఆ పేజీలో రెండు రకాల అంకెలు ఉంటాయి. మొదటిది సీటీడీఐ (సీటీ డోసు సూచిక), మిల్లీగ్రేల్లో. ఇది రోగి ఒంట్లో కొలిచింది కాదు. తలకైతే 16 సెంటీమీటర్లు, ఒంటికైతే 32 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న యాక్రిలిక్ దిమ్మెలో అదే సెట్టింగుతో ఎంత డోసు పడుతుందో చెప్పే అంకె. రెండోది డీఎల్‌పీ (డోసు-పొడవు లబ్ధం). మొదటి అంకెను స్కాన్ చేసిన పొడవుతో గుణిస్తే వస్తుంది కనుక దాని యూనిట్ మిల్లీగ్రే-సెంటీమీటర్. రోగి చూసిన 400 ఇదే. దాన్ని మిల్లీసీవర్ట్‌తో నేరుగా పోల్చడం కుదరదు.

పరిష్కారం: డీఎల్‌పీని శరీర భాగానికి తగిన గుణకంతో గుణించాలి. పెద్దవాళ్లలో సాధారణంగా తలకు 0.0021, ఛాతీకి 0.014, పొట్టకు 0.015 వాడతారు. 400ని 0.014తో గుణిస్తే 5.6 మిల్లీసీవర్టులు. తల స్కాన్‌లో డీఎల్‌పీ 1000 ఉన్నా వచ్చేది 2.1 మాత్రమే. అంకె పెద్దదైన చోట ముప్పు తక్కువ కావడం చాలామందికి మింగుడు పడదు. తలలో రేడియేషన్‌కు త్వరగా లొంగే అవయవాలు తక్కువ, అంతే. పైగా ఆ 1 మిల్లీసీవర్ట్ పరిమితి వైద్యం కోసం రోగి తీసుకునే డోసుకు వర్తించదు.

పిల్లల విషయంలో మాత్రం ఈ గుణకాలు వాడకండి. వాళ్లకు వయసును బట్టి వేరే గుణకాలున్నాయి, అవి ఇంకా ఎక్కువ. అంకె ఏ దిమ్మె ఆధారంగా వచ్చిందో కూడా చూడండి. సన్నని పిల్లవాడికి 32 సెంటీమీటర్ల దిమ్మె లెక్క చూపిస్తే అసలు డోసు అంతకంటే ఎక్కువే ఉంటుంది.

2. "50 గ్రేలా? 5 గ్రేలకే మనిషి బతకడట కదా!"

రేడియేషన్ చికిత్సలో 50 గ్రేలు ఇస్తారని విన్న క్యాన్సర్ రోగి బంధువులు అడిగే ప్రశ్న ఇది. భయం సహజమే. ఒళ్లంతా ఒకేసారి 4 నుంచి 5 గ్రేలు పడి, చికిత్స అందకపోతే సుమారు సగం మంది రెండు నెలల్లోపు చనిపోతారన్నది నిజం.

కానీ గ్రే అంటే కిలోకు ఒక జౌల్ శక్తి. కాబట్టి ముందు అడగాల్సింది "ఏ కిలో?" అని. రేడియోథెరపీలో 50 గ్రేలు పడేది గడ్డ ఉన్న చోట, అదీ సిట్టింగుకు 2 గ్రేల చొప్పున 25 సిట్టింగుల్లో. మధ్యలో మామూలు కణాలు కోలుకుంటాయి. ఇక శక్తి పరంగా చూస్తే, ప్రాణం తీసే 4 గ్రేలు ఒంటి వేడిని డిగ్రీలో వెయ్యో వంతు పెంచుతాయి. గుక్కెడు వేడి టీ అంతకంటే ఎక్కువ వేడినిస్తుంది. చంపేది వేడి కాదు, డీఎన్ఏ తెగడం.

పరిష్కారం: గ్రే రాసినప్పుడల్లా ఏ అవయవం, ఎన్ని సిట్టింగులు అన్నది పక్కనే రాయండి. చికిత్స డోసును సీవర్టుల్లోకి మార్చకండి. తక్కువ డోసుల వల్ల భవిష్యత్తులో వచ్చే ముప్పును అంచనా వేయడానికే సీవర్ట్. పాత కేస్‌షీట్‌లో 5000 కనిపిస్తే బెదరకండి, అది రాడ్‌లలో, అంటే గ్రేకు ముందు వాడిన పాత యూనిట్‌లో ఉంటుంది. 100 రాడ్‌లు ఒక గ్రే. 1975లో గ్రే వచ్చాక కూడా చాలా చోట్ల సెంటీగ్రే నిలిచిపోయింది. ఒక సెంటీగ్రే సరిగ్గా ఒక రాడ్ కాబట్టి పాత అంకెలు మార్చే పని ఉండదు మరి.

3. పాత మీటర్ 10, కొత్త మీటర్ 0.1

ఒకే గదిలో, ఒకే చోట పెట్టిన రెండు సర్వే మీటర్లు (చుట్టూ ఉన్న రేడియేషన్ కొలిచేవి) నూరు రెట్ల తేడా చూపిస్తాయి. కొత్తది పాడైందని తిప్పి పంపేముందు డయల్ చూడండి. పాతది గంటకు మైక్రోరాంట్‌జెన్లలో, కొత్తది గంటకు మైక్రోసీవర్టుల్లో చెబుతోంది. ఎక్స్‌రే, గామా కిరణాలకైతే రాంట్‌జెన్ అంకెను 100తో భాగించుకుంటే చాలు. కచ్చితంగా చెప్పాలంటే మెత్తని కణజాలంలో ఒక రాంట్‌జెన్ సుమారు 0.0096 గ్రే. గదిలో రోజువారీ జాగ్రత్తకు ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. న్యూట్రాన్లు, ఆల్ఫా కణాల దగ్గర ఈ లెక్క పనికిరాదు. రాంట్‌జెన్ గాలిలో ఎక్స్‌రే, గామాల కోసం పుట్టిన యూనిట్.

ముల్లు చివరి గీత దగ్గర ఆగితే అది రీడింగే కాదు. 1986లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదంలో గంటకు 3.6 రాంట్‌జెన్లు అని నమోదు చేశారు. చేతిలో ఉన్న మీటర్ చూపగలిగిన గరిష్ఠం అంతే. అసలు స్థాయి దానికి ఎన్నో రెట్లు. గైగర్ ట్యూబులతో పనిచేసే మీటర్లైతే తీవ్రమైన రేడియేషన్‌లో ఉక్కిరిబిక్కిరై సున్నా వైపు పడిపోవచ్చు కూడా. వెనక్కి జరిగి, ఎక్కువ రేంజి ఉన్న మీటర్ తెప్పించండి.

4. గ్రే ఒకటే, సీవర్టులు మూడు రకాలు

ఊపిరితిత్తులకు ఆల్ఫా కణాల నుంచి 1 మిల్లీగ్రే పడిందనుకోండి. ఆల్ఫా కణాలు చేసే హాని ఎక్కువని వాటికి ఇచ్చిన గుణకం 20 కనుక ఆ అవయవానికి తుల్య డోసు 20 మిల్లీసీవర్టులు. దాన్ని ఊపిరితిత్తులు రేడియేషన్‌కు ఎంత లొంగుతాయో చెప్పే గుణకం 0.12తో గుణిస్తే ఒళ్లంతటికీ లెక్కగట్టే ప్రభావ డోసు 2.4 మిల్లీసీవర్టులు. రెండింటికీ ఒకే యూనిట్ పెట్టడం వాడేవాళ్లకు చేసిన అన్యాయమని నా అభిప్రాయం. సిబ్బంది ఒంటికి తగిలించుకునే డోసు బ్యాడ్జిలు చెప్పే సీవర్ట్ మూడోది, ఒంట్లో 10 మిల్లీమీటర్ల లోతున పడే డోసు అంచనా. రిపోర్టులో ఏ డోసో రాయకపోతే రాసినవాళ్లను అడగండి, ఊహించవద్దు.

బ్యాడ్జిలో ఉన్నట్టుండి ఎక్కువ వస్తే, ముందు దాన్ని లెడ్ ఏప్రన్ లోపల పెట్టుకున్నారా, పైనా అని చూడండి. ఏప్రన్‌తో పాటు ఎక్స్‌రే గదిలోనే వదిలేసిన బ్యాడ్జి కూడా డోసు చూపిస్తుంది, మనిషికి పడకపోయినా. అలాగని అంకెను దాచకండి, రేడియేషన్ భద్రతాధికారికి రాతపూర్వకంగా చెప్పండి. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి సిబ్బందికి విధించిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు.

5. ఇంకో యంత్రంలో నూరు రెట్లు

యాంజియో గదుల్లో వచ్చే చిక్కు. అక్కడ డోసును కిరణాలు పడిన వైశాల్యంతో గుణించి చూపిస్తారు. ఒక కంపెనీ యంత్రం గ్రే-చదరపు సెంటీమీటర్లలో 30 అని చూపిస్తే, పక్క గదిలోది అదే రకం ప్రొసీజర్‌కు 3000 అంటుంది. రెండోది మైక్రోగ్రే-చదరపు మీటర్లు. మొదటి యూనిట్‌లో ఒకటి రెండో దాంట్లో వంద. రిజిస్టరులో కాలమ్ తలమీద యూనిట్ ముద్రించి, ఒక్కదాంట్లోనే రాయమనండి. మైక్రోకు గుర్తైన మ్యూ అక్షరం టైపు చేయలేక మిల్లీకి గుర్తైన 'ఎం' కొట్టేవాళ్లతో జాగ్రత్త, అక్కడ తేడా వెయ్యి రెట్లు.