ఫానుక్ ప్రోగ్రాములన్నింటినీ ఒకేసారి సీమెన్స్ కంట్రోలర్‌కు మార్చే విధానం

బాలానగర్ వంటి పారిశ్రామికవాడల్లో ఫానుక్ కంట్రోలర్ (సీఎన్‌సీ మెషీన్‌ను ప్రోగ్రాము ప్రకారం నడిపే కంప్యూటర్) ఉన్న మిల్లింగ్ మెషీన్ పక్కనే సీమెన్స్ సైనుమరిక్ 840డి కంట్రోలర్ ఉన్న మెషీన్ వచ్చి చేరినప్పుడు, ఏళ్లుగా పోగైన పాత ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా తెరిచి దిద్దడం సాధ్యం కాదు. బ్యాచ్ కన్వర్షన్ సాఫ్ట్‌వేర్ ఫోల్డరంతటినీ ఒకే దఫాలో మారుస్తుంది. అయితే ఒక్క నియమం తప్పినా ఆ తప్పు అన్ని ఫైళ్లలోకీ చేరుతుంది కనుక, ముందు ఏర్పాట్లకే ఎక్కువ సమయం ఇవ్వాలి.

మొదట అసలు ఫైళ్లను వేరుగా దాచి, సాఫ్ట్‌వేర్‌కు నకళ్లను మాత్రమే చూపి, ఫలితాలు మరో ఫోల్డర్‌లో పడేలా అమర్చండి. తరువాత జీ73, జీ81, జీ83 వంటి డ్రిల్లింగ్ సైకిళ్లు (రంధ్రం వేసే కదలికలన్నీ ఒకే ఆదేశంలో ఉండేవి), హ్యాష్ గుర్తుతో మొదలయ్యే మాక్రో వేరియబుళ్లు (మారే విలువలను దాచుకునేవి) ఉన్న ఫైళ్లను వెతికి పక్కన పెట్టండి. సీమెన్స్‌లో ఆ సైకిళ్ల నిర్మాణమే వేరు. వాటిని క్యామ్ (ప్రోగ్రాములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నుంచి మళ్లీ పోస్ట్ చేసుకోవడమే, అంటే సీమెన్స్ కోసం కొత్తగా రాయించుకోవడమే క్షేమం.

అన్నింటికంటే ప్రమాదకరమైనది దశాంశ బిందువు. ఫానుక్‌లో 3401వ పారామీటర్ (కంట్రోలర్ సెట్టింగు) సున్నా బిట్ 0గా ఉంటే, బిందువు లేని ఎక్స్100 అంటే సాధారణ అమరికలో 0.1 మిల్లీమీటరు మాత్రమే. సీమెన్స్ దాన్నే 100 మిల్లీమీటర్లుగా చదువుతుంది. కాబట్టి ప్రోగ్రాము ఇంతకాలం నడిచిన మెషీన్‌లో ఆ బిట్ విలువ చూసి, అది 0 అయితే, మిల్లీమీటర్లలో రాసిన ప్రోగ్రాముల్లో ఎక్స్, వై, జెడ్, ఐ, జే, కే, ఆర్ అక్షరాల తరువాత బిందువు లేని సంఖ్యలను 1000తో భాగించే నియమం రాయాలి. ఈ నియమం ఫీడ్, స్పిండిల్ వేగం, టూల్ సంఖ్యలను తాకకూడదు.

వ్యాఖ్యల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. ఫానుక్‌లో బ్రాకెట్లలో ఉండే వ్యాఖ్యకు సీమెన్స్‌లో సెమీకోలన్ వాడతారు, దాని తరువాత ఆ వరుసలో ఉన్నదంతా కంట్రోలర్ వదిలేస్తుంది. వరుస మధ్యలో ఉన్న వ్యాఖ్యకు బ్రాకెట్ స్థానంలో సెమీకోలన్ పెడితే, దాని తరువాత ఉన్న కదలిక ఆదేశం ఏ అలారమూ లేకుండా మాయమవుతుంది. అందుకే వ్యాఖ్యను ముందుగా వరుస చివరకు జరపాలి.

మిగిలినవి సులువు: మిల్లీమీటర్లకు జీ21 బదులు జీ71, అంగుళాలకు జీ20 బదులు జీ70, ఒక సెకను ఆగడానికి జీ04 పీ1000 బదులు విడి వరుసలో జీ4 ఎఫ్1, సబ్‌ప్రోగ్రాము చివర ఎం99 బదులు ఎం17 వస్తాయి. టూల్ పొడవు సవరణకు వాడే జీ43ని తీసేసి, ఆ టూల్ సవరణకు సంబంధించిన డీ సంఖ్యను పెట్టాలి. వృత్తాకార కదలికను సూచించే జీ2 కోసం రాసిన నియమం జీ21నూ జీ28నూ పట్టుకోకుండా, సంఖ్య తరువాత మరో అంకె ఉండరాదనే షరతు చేర్చండి. ఫైలు పేరులో మొదటి రెండూ అక్షరాలే కావాలి కనుక ఓ1234ను పీఆర్‌జీ1234 అని మార్చి, ఎంపీఎఫ్ పొడిగింపు తగిలించండి.

అన్నిటినీ మార్చేముందు భిన్నమైన నాలుగైదు ఫైళ్లపై నడిపి, పాతదాన్నీ కొత్తదాన్నీ వరుస వరుసగా పోల్చండి. మెషీన్ మీద మొదటిసారి జాబ్ లేకుండా, జెడ్ పైకి జరిపి, సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో వరుసకూ ఆగేలా), ఓవర్‌రైడ్ (వేగాన్ని తగ్గించే మీట) తగ్గించి నడపాలి. తేడా కనిపిస్తే మారిన ఫైలును చేత్తో దిద్దకండి. నియమాన్ని సరిచేసి, అసలు ఫైళ్ల నకళ్లతో మొత్తం మార్పిడిని తిరిగి జరపండి.